నకిలీ ఈమెయిలు: గుర్తించే భారం ఎవరిది?

రాయపూర్‌లోని డబ్ల్యూఆర్ఎస్ కాలనీకి ఆ పేరు వ్యాగన్ రిపేర్ షాప్ నుంచి వచ్చింది. 1931లో విజయనగరం–రాయపూర్ రైలుమార్గం పూర్తవడంతో ఉత్తరాంధ్ర నుంచి ఛత్తీస్‌గఢ్ మైదానానికి ఉపాధి దారి తెరుచుకుంది. రైల్వే పనుల వెంట వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇంటి భాష తెలుగు, వీధి భాష హిందీ. పింఛను పడే బ్యాంకు పేరిట వచ్చే ఈమెయిలు మాత్రం తరచూ ఆంగ్లంలో ఉంటుంది. అది అసలుదో నకిలీదో తేల్చుకోవలసినవాడు ఆ విశ్రాంత కార్మికుడే.

‘ఫిషింగ్’ అనే మాట 1990ల మధ్యలో అమెరికాలో, ఏఓఎల్ ఖాతాల దొంగతనాలతో పుట్టింది. తరువాతి దశాబ్దంలో గురి బ్యాంకులపైకి మళ్లింది. ప్రత్యేక చట్టం లేని రోజుల్లోనే, 2005 మార్చిలో, నాస్‌కామ్ కేసులో ఢిల్లీ హైకోర్టు దీన్ని చట్టవిరుద్ధంగా పరిగణించింది. 2009 అక్టోబరులో అమల్లోకి వచ్చిన ఐటీ చట్టం 66డి సెక్షన్ మూడేళ్ల వరకు జైలుశిక్ష విధించింది.

శిక్ష సరే, పోయిన సొమ్ము మాటేమిటి? 2010లో తమిళనాడు అడ్జుడికేటింగ్ అధికారి, నకిలీ ఈమెయిలుకు మోసపోయిన ఖాతాదారుకు ఐసీఐసీఐ బ్యాంకు రూ.12.85 లక్షలు చెల్లించాలని ఆదేశించారు. రిజర్వు బ్యాంకు 2017 జూలై సర్క్యులర్ మాత్రం, రహస్య వివరాలను ఖాతాదారే చెప్పేస్తే, ఫిర్యాదు చేసేవరకు జరిగిన నష్టం ఆయనదేనంది. ఆ వివరాలను ఖాతాదారు చేతే చెప్పించడమే ఫిషింగ్ పని. నిబంధన రాసినవారికి ఈ సంగతి తెలియదనుకోలేం.

అక్షరదోషాలుంటే అనుమానించండన్నది పాత సలహా. ఆంగ్లం అంతంతమాత్రంగా వచ్చినవారికి అది ఎన్నడూ అక్కరకు రాలేదు. మోసగాళ్ల ఆంగ్లం మెరుగుపడ్డాక ఎవరికీ రావడం లేదు. కళ్లు చిరునామాపై ఉండాలి. బ్యాంకు పేరు ముందు ఉన్నంతమాత్రాన సరిపోదు. మొదటి ఏటవాలు గీతకు ముందున్న చివరి భాగమే యజమాని ఎవరో చెబుతుంది.

ఆ చివరి భాగాన్ని బ్యాంకులకే ప్రత్యేకించే పని ఆలస్యంగానైనా జరిగింది. 2025 అక్టోబరు 31లోగా బ్యాంకులన్నీ తమ వెబ్‌సైట్లను ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’కు మార్చాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది, నమోదు బాధ్యతను హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీకి అప్పగించింది. అయినా, పంపినవారి పేరు దగ్గర ఎవరైనా ఏ బ్యాంకు పేరైనా రాసుకోవచ్చు. లింకు జోలికి పోకుండా చిరునామాను స్వయంగా టైపు చేయడం, సొమ్ము పోతే వెంటనే 1930కి ఫోను చేయడం ఇప్పటికీ ఖాతాదారు వంతే.