శీతకాలపు పూల సింగారము

ధనుర్మాసము ప్రవేశించినది మొదలు సంక్రాంతి వరకును హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలో తెల్లవారుజామున వీధి వెంట నడచువారికి ఒక చక్కని దృశ్యము కానవచ్చును. కళ్ళాపి చల్లిన వాకిట ముగ్గు, ముగ్గు నడుమ ఆవుపేడతో చేసిన గొబ్బెమ్మ, గొబ్బెమ్మ తలపై విప్పారిన గుమ్మడిపూవు. ఈ అలంకరణము అనాదిగా ఇట్లే వచ్చుచున్నదని మనమందరము తలంతుము. ఆచారము ప్రాచీనమే. మరి పూవుల మాట యేమి? వాని పుట్టుపూర్వోత్తరములు విచారించినచో మన ముంగిటనే దేశదేశముల చరిత్ర కొంత బయల్పడును. ఆ సంగతినే శ్రోతలకు మనవి చేయదలచితిమి.

ఇది వానకు మొగము వాచిన సీమ. ఏడాదికి కురియునది సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అందును సెప్టెంబరు, అక్టోబరు మాసముల వానలే మెండు. ఆ తడి ఆరక మునుపు పూచు శీతకాలపు పూవులకు ఇచ్చట గల గౌరవము, నీరు పుష్కలముగా గల సీమలవారికి తెలియదు. మల్లె వేసవి పూవు. చలికి ముడుచుకొని యుండును. కావున వేసవి దండ తెలుపు, పరిమళభరితము. శీతకాలపు దండ పసుపు, ఎరుపు, వాసన స్వల్పము. ఆ కొరత తీర్చుటకే మన ఇల్లాండ్రు చామంతుల నడుమ, కనకాంబరముల నడుమ మరువపు రెమ్మలు చేర్చి కట్టుదురు. రంగు ఒకదానిది, వాసన వేరొకదానిది. రెంటిని కలుపునది అరటినార.

చామంతి శీతకాలముననే పూయుటకు కారణము చలి యొక్కటే కాదు. రాత్రి నిడివి పెరిగినగాని అది మొగ్గ తొడుగదు. పగటి నిడివిని బట్టి మొక్కలు పూచునను ఈ రహస్యమును 1920లో గార్నరు, అలార్డు అను అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. మన తోటమాలులు సూత్రము నెరుగకున్నను, పొద్దు కురచయైనప్పుడు చామంతికి రోజులు వచ్చినవని యెరుగుదురు.

ఇక చరిత్రకు వత్తము. 1443లో విజయనగరమును దర్శించిన పారసీక రాయబారి అబ్దుర్ రజాకు, ఆ నగరమున ఎచ్చట చూచినను గులాబీలు అమ్ముచుండిరనియు, అచ్చటి ప్రజలు వానిని అన్నమువలె అత్యవసరముగా నెంచుచుండిరనియు వ్రాసెను. 1565 నాటి తళ్ళికోట యుద్ధము తరువాత తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకు మార్చెను. అంతకు మునుపే, అచ్యుతరాయల పాలనలో (1529–1542), పెనుకొండ అధికారియగు విరుపణ్ణయు, ఆతని సోదరుడు వీరణ్ణయు హిందూపురమునకు చేరువనున్న లేపాక్షి ఆలయమును నిర్మింపజేసిరి. అచ్చటి కప్పుమీది చిత్రములలోని స్త్రీల కొప్పులను చూడుడు. పూలముడుపు లేని సింగారము ఆ చిత్రకారునికి తోచినట్లు లేదు. లతామండపపు స్తంభములపై చెక్కిన లతలు, పువ్వులు ధర్మవరపు నేతగాండ్ర చేతిలో పట్టుచీరల అంచులైనవి. కోసిన పూవు సాయంకాలమునకు వాడును. రాతిలో, పట్టులో పూచిన పూవు తరతరములు నిలచును.

అయినను వాకిటి పూవుల కథ వేరు. నేడు ప్రతి గుమ్మమునకును తోరణమగుచున్న బంతి మన దేశపు పూవు కాదు. మెక్సికో దేశము దాని పుట్టినిల్లు. పదునారవ శతాబ్దమున పోర్చుగీసువారి ఓడల రాకపోకలతో అది మన తీరము చేరినది. మెక్సికోలో నేటికిని నవంబరు మొదటి దినములలో, గతించిన పెద్దలను తలచుకొనుచు బంతిపూలతో ఇండ్లను, సమాధులను అలంకరింతురు. తీపిగుమ్మడి సైతము అమెరికా ఖండమునుండి వచ్చినదే. మనకు తొలినుండియు చుట్టమైనది బూడిదగుమ్మడి. దాని పూవును పసుపే గనుక, క్రొత్తగుమ్మడి పూవు మన ముగ్గులో పరాయిదిగా కనబడలేదు. చామంతి చీనాదేశపు ఆడుబిడ్డ. వీని నడుమ కనకాంబరము, తంగేడు మాత్రము ఈ నేల బిడ్డలే.

అట్లని మన ఆచారము కల్తీయైనదని చింతింపవలెనా? అక్కరలేదని మా మనవి. వచ్చిన పూవును మన స్త్రీలు గ్రుడ్డిగా స్వీకరింపలేదు. దాని గుణము నెరిగి స్వీకరించిరి. గుమ్మడితీగెకు మగపూవులు, ఆడుపూవులు వేరువేరుగా నుండును. పొడవైన కాడ గలది మగపూవు. అడుగున చిన్న పిందె గలది ఆడుపూవు. పిందె గలదానిని కోసినచో కాయ పోవును. కనుకనే గొబ్బెమ్మకు మగపూవునే కోసి, తేనెటీగల నిమిత్తము కొన్నింటిని తీగెకు విడుతురు. ఈ పూవు వేకువను విరిసి మధ్యాహ్నమునకు ముడుచుకొనును. తెల్లవారకమునుపే వాకిలి తీర్చవలెనని పెద్దలు విధించుటలో ఈ ఎరుకయు కలదు. ఎండిన గొబ్బెమ్మలు పిడకలై భోగిమంటకు కొన్ని, రథసప్తమినాటి పరమాన్నపు పొయ్యికి కొన్ని చేరును. వృథాయగున దేదియు లేదు.

నేడు సిమెంటు వాకిండ్లు పెరిగినవి. పేడ, గుమ్మడితీగె దుర్లభములగుచున్నవి. ప్లాస్టికు బంతిదండలు ఏడాది పొడవున గుమ్మములకు వ్రేలాడుచున్నవి. అవి పరదేశపువి యనుట మా ఆక్షేపణ కాదు. బంతియు ఒకనాడు పరదేశపుదే. వాడని పూవునకు ఋతువు తెలియదు, దానిని కోయుటకు వేకువను లేవనక్కరలేదు, మగపూవేదో ఆడుపూవేదో అమ్మమ్మ మనుమరాలికి చూపనక్కరలేదు. క్రొత్తపూవు వచ్చినంతమాత్రమున మన ఆచారమునకు చేటు కలుగలేదు. ఆ ఎరుక నందించు చేయి ఆగిననాడే చేటు. ఈ శీతకాలమున పెరటిలో గాని కుండీలో గాని ఒక్క గుమ్మడిగింజ నాటుడు. పూచిన దినమున పిల్లలను నిదుర లేపి చూపుడు. తక్కిన చరిత్ర ఆ పూవే చెప్పగలదు.