నల్లమందు – చట్టము – వైద్యశాల



ఒకే పదార్థము రాజ్యమునకు ఆదాయముగను, వ్యసనపరునకు ఉరిత్రాడుగను, రోగికి ఉపశమనముగను ఉండుట వింతయే. నల్లమందు అట్టి పదార్థము. దానిని అదుపుచేయుటకు పుట్టిన చట్టముల చరిత్రను కౌతాళము వంటి సరిహద్దు గ్రామమునుండి చూచినచో తేటపడునని నా తలంపు.

1800లో నిజాము దత్తమండలములను ఆంగ్ల కంపెనీకి అప్పగించెను. అంతట ఆదోని సీమ, దానితోపాటు కౌతాళము, కంపెనీ పాలనలోనికి వచ్చి తరువాత బళ్ళారి జిల్లాలో చేరెను. తుంగభద్ర ఆవలి గట్టు మాత్రము నిజాము రాజ్యముగనే నిలిచెను. ఏరు ఒక్కటియే, ప్రభుత్వములు రెండు, ఆబ్కారీ పద్ధతులును రెండు.

1878 నాటి నల్లమందు చట్టము ప్రకారము అనుమతి పొందిన అంగడివాడే దానిని అమ్మవలెను. నొప్పులకును, విరేచనములకును జనులు దానిని వాడుచుండిరి. కూలికి పోవు తల్లులు పసిబిడ్డ నిద్రించుటకై గోరంత పెట్టుట దేశమున పలుచోట్ల కలదు. ప్రభుత్వమునకు ఇందు ఆదాయము మెండు. 1893లో నియమింపబడిన రాజకీయ విచారణ సంఘము 1895లో నివేదిక నిచ్చి, పూర్తి నిషేధము అక్కరలేదనెను. ఖజానా మేలుకొరకే ఈ తీర్పు వచ్చినదని పలువురు ఆక్షేపించిరి.

1925 నాటి జెనీవా ఒడంబడిక తరువాత, 1930లో ప్రమాదకరౌషధముల చట్టము వచ్చెను. స్వాతంత్ర్యానంతరము, 1959నుండి, వైద్యమునకు తప్ప నల్లమందు భుజించుట నిలిపివేయబడెను. ఈ నడుమ 1953 అక్టోబరు 1వ తేదీన బళ్ళారి జిల్లా విడిపోగా, ఆదోని తాలూకా ఆంధ్రరాష్ట్రమున కర్నూలు జిల్లాలో చేరెను. సరిహద్దు మారినది గాని కౌతాళము మరల సరిహద్దుననే నిలిచినది.

1985లో మాదకద్రవ్యముల చట్టము వచ్చెను. పెక్కు నేరములకు పదేండ్లకు తక్కువకాని ఖైదు విధింపబడెను. దొంగరవాణాదారులకై పన్నిన ఈ వలలో వైద్యశాలలు చిక్కుకొనెను. క్యాన్సరు రోగి దుర్భరమైన నొప్పిని తగ్గించు మార్ఫిన్ నల్లమందునుండియే తీయబడును. దానిని నిలువ యుంచుటకు ఒక అనుమతి, కొనుటకు ఒకటి, రాష్ట్రము దాటించుటకు రెండు ప్రభుత్వముల అనుమతులు కావలసివచ్చెను. కౌతాళమువాడు కర్ణాటకములోని చుట్టమింటికి పోవుటకు ఎవరి సెలవును అక్కరలేదు. మార్ఫిన్ మాత్ర మాత్రము ఆ గీత దాటలేదు. శిక్షకు వెరచి మందులవారు దానిని తెప్పించుటయే మానిరి. 1997 నాటికి దేశమున మార్ఫిన్ వాడుక నూటికి తొంబది వంతులకు పైగా పడిపోయెను. 1820లో ఘాజీపూరున నల్లమందు కర్మాగారము నెలకొల్పబడిన దేశము, పరదేశముల ఔషధశాలలకు నల్లమందు పంపుచు వచ్చిన దేశము, తన రోగులకు ఆ మందు ఈయలేకపోయెను!

2014లో ఈ చట్టము సవరింపబడెను. మార్ఫిన్ మొదలగు కొన్ని ఔషధములు అత్యవసరములుగ గుర్తింపబడినవి. పలు అనుమతులకు మారుగా, గుర్తింపు పొందిన వైద్యశాలకు ఔషధ నియంత్రణాధికారి యొక్క ఒకే అనుమతి చాలును. అట్టి వైద్యశాలలో నొప్పి నివారణమునందు శిక్షణ పొందిన వైద్యుడొకడైనను ఉండవలెను. లెక్కలు సరిగా వ్రాయవలెను. ప్రైవేటు వైద్యశాలలు నమోదు కావలెనని ఆంధ్రప్రదేశమున 2002లోనే శాసనము చేయబడియుండెను.

అదుపు వలదని నేననుట లేదు. పసిబిడ్డకు పెట్టిన గోరంత నల్లమందు ప్రాణము తీయగలదని పెద్దలెరుగుదురు. కాని తాళము వేయువాడు తాళపుచెవి ఎవరికీయవలెనో కూడ నిర్ణయింపవలెను. 1878లో ఆ తాళపుచెవి అంగడివాని చేతనుండెను. 1985 తరువాత అది ఎవరి చేతికిని అందలేదు. నేడది వైద్యుని చేతికి ఈయదగినదని శాసనము ఒప్పుకొన్నది. ఇక మిగిలినది, వైద్యశాలలు ఆ గుర్తింపును కోరుట, రోగి బంధువులు సంకోచింపక ఆ మందును గూర్చి అడుగుట. సరిహద్దు పల్లెలోని మంచముపై మూలుగుచున్న రోగికి ఆ రాత్రి కన్ను మూతపడినపుడే ఈ చట్టము సార్థకమైనదని నేనెంచెదను.