పిల్లి, ఎలుక, ప్రేక్షకులు

పిల్లికి చెలగాటము, ఎలుకకు ప్రాణసంకటము అని మన పెద్దలు చెప్పిన మాటను తలక్రిందులు చేసి, చెలగాటమును ఎలుకకును ప్రాణసంకటమును పిల్లికిని కట్టబెట్టిన ఒక చిన్న రంగుల బొమ్మల చిత్రము 1940వ సంవత్సరము ఫిబ్రవరి 10వ తేదీన అమెరికాలో విడుదలయినప్పుడు, దానిని నిర్మించిన మెట్రో గోల్డ్‌విన్ మేయరు సంస్థవారికే దానియందు గొప్ప విశ్వాసము లేకుండెను. ‘పుస్ గెట్స్ ది బూట్’ అను ఆ చిత్రమున పిల్లి పేరు జాస్పరు. ఎలుకను తెరమీద ఎవ్వరును పేరుపెట్టి పిలువరు. కథను అల్లి నడిపినవారు విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా అను ముప్పది యేండ్లు నిండని ఇద్దరు యువకులైనను, వారి పేర్లకు తెరపై చోటు దొరకలేదు. రుడాల్ఫ్ ఐసింగు అను అనుభవజ్ఞుని పేరొక్కటియే అందు కానవచ్చును. కార్టూను విభాగమునకు అధిపతియైన ఫ్రెడ్ క్వింబీ చిత్రములను అమ్మి ఎఱిగినవాడే కాని గీసి ఎఱిగినవాడు కాడు. పిల్లియు ఎలుకయు అను అరిగిపోయిన జంటతో మఱి చిత్రములు తీయుట అతనికి సమ్మతము గాలేదు. దర్శకు లిరువురును వేఱు కథలకు మరలిరి.

ఆ నిర్ణయము మాఱుటకు కారణమయినవారు విమర్శకులు కారు, సాక్షాత్తు ప్రేక్షకులే. అయితే ఆ దినములలో కార్టూనును గూర్చి ప్రేక్షకుని మనసు తెలిసికొనుట తేలికయైన పని కాదు. టిక్కెట్టు కొని హాలులోనికి పోయినవాడు వార్తాచిత్రమును, ఒక కార్టూనును, మఱి యేదో యొక చిన్న చిత్రమును చూచిన పిమ్మటగాని ప్రధాన కథకు చేరెడివాడు కాడు. అతడు చెల్లించిన పైకము తారల ముఖములు చూచుటకే గాని ఎలుకను చూచుటకు గాదు. కావున పెట్టెలోని వసూళ్లు కార్టూను యొక్క మంచిచెడ్డలను చెప్పజాలవు. చెప్పగలిగినవాడు హాలు యజమాని యొక్కడే. జనము నవ్విరో, ఆవులించిరో, బయటికి పోయి సిగరెట్టు వెలిగించిరో అతడు తలుపు దగ్గఱ నిలువబడి చూచెడివాడు. ‘మోషన్ పిక్చర్ హెరాల్డు’ అను వ్యాపార వారపత్రికలో ఇట్టి యజమానులు తమ యూరిలో ఏ చిత్రము ఎట్లు నడచినదో స్వయముగా వ్రాసి పంపుకొనుటకు ఒక శీర్షికయే యుండెను. మహానగరముల పత్రికలలో వెలువడిన పండిత విమర్శలకంటె, జీవనమంతయు ఆ నవ్వులమీద ఆధారపడినవారు వ్రాసిన ఆ రెండు మూడు పంక్తులకే నేను ఎక్కువ ప్రామాణ్య మిత్తును.

టెక్సాసు రాష్ట్రమున ఇంటర్‌స్టేటు అను పేరుగల సినిమా హాళ్ల గొలుసునకు చెందిన బెస్సా షార్టు అను ఆమె, ఆ పిల్లి ఎలుకల చిత్రములు మఱి యెప్పుడు వచ్చునని అడుగుచు సంస్థకు ఉత్తరము వ్రాసినదట. హాలు వారు అడిగి తెప్పించుకొనదలచిన సరకును కాదనుటకు ఏ వర్తకునికిని మనసొప్పదు గదా! పైగా ఆ చిత్రము ఆస్కారు బహుమతికి పోటీలో నిలిచినది. గెలిచినది మాత్రము అదే సంస్థవారి ‘ది మిల్కీ వే’. మూడు పిల్లికూనల ముచ్చట చేతిలో ముదురు పిల్లి ఓడిపోయినదన్నమాట. ఉత్తరమును పోటీయు కలిసి క్వింబీ మనసు మార్చినవి. కొత్త పేర్లకై స్టూడియోలో ఒక పోటీ పెట్టగా, జాన్ కార్ అను చిత్రకారుడు టామ్, జెర్రీ అను పేర్లు సూచించి 50 డాలర్లు గెలుచుకొనెను.

ఆ మొదటి చిత్రములో ప్రేక్షకులను కట్టిపడవేసినది ఏమియో కొంచెము నిదానించి చూడవలసియున్నది. ఎలుకతో ఆడుకొనుచు పిల్లి ఒక పూలకుండీ స్తంభమును పగులగొట్టును. ఇంటి పనులు చూచు ఆమె వచ్చి, ఇంకొక్క వస్తువు పగిలెనా నిన్ను వీథిలోనికి గెంటుదునని పిల్లికి శాసనము చేసి పోవును. ఎలుక ఆ మాట వినును. అంతవఱకు ప్రాణభయముతో పరుగెత్తిన ఆ ప్రాణి మఱుక్షణమున బల్ల అంచున ఒక గాజు గ్లాసును పట్టుకొని నిలువబడి, నన్ను ముట్టిన దీనిని విడుతునని సైగ చేయును. పిల్లి ఆగిపోవును. పిమ్మట ఎలుక ఒకదాని వెంట నొకటిగా పళ్లెములు జారవిడుచుచుండగా పిల్లి వానిని పట్టుకొని పట్టుకొని, రెండు చేతులును నిండి, కదలుటకు శక్తి లేక నిలువబడును. అప్పుడు ఎలుక తీరికగా చివరి పళ్లెమును జారవిడుచును.

బలవంతుని బలహీనుడు గెలుచు కథలు లోకమున కొల్లలు. ఈ ఎలుక గెలుపులోని విశేషమేమనగా, అది గెలుచునది కండబలముచే గాని మాయచే గాని కాదు, పరుల శాసనముచే. ఇంటామె చీపురుకట్టకు పిల్లి యెంత భయపడునో తెలిసికొని ఆ భయమునే అది తన ఆయుధముగా గ్రహించినది. 1944లో వచ్చిన ‘ది మిలియన్ డాలర్ క్యాట్’లో పిల్లికి పది లక్షల డాలర్ల ఆస్తి సంక్రమించును, ఏ జీవికిని, తుదకు ఎలుకకైనను, హాని చేయరాదని వీలునామాలో షరతు. ఎలుక ఆ కాగితమును చదివిన క్షణముననే ఆ భవనమున యజమాని యెవరో తేలిపోయినది. తరువాతి చిత్రములలో పిల్లి ఎముకలు విఱుచుటకు సదా సిద్ధముగానుండు బుల్‌డాగ్ కూడ ఈ న్యాయశాస్త్రములోని మఱియొక అధ్యాయమే. పై అధికారి ఎవనిపై ఎప్పుడు కోపపడునో కనిపెట్టి బ్రతుకు నేర్చిన గుమాస్తాలును, సైనికులును, పనివారును ఆనాటి హాళ్లలో కూర్చుండిరి. వారికి ఈ ఎలుక తెలివి ప్రత్యేకముగా వివరింపవలసిన పని లేకపోయెను.

తెలివిని చూపుటకు మాటలు లేవు. అందుచే భారమంతయు కాలనిర్ణయముపై పడినది. బార్బెరా కథను బొమ్మలుగా గీసి గోడకు తగిలించును. హన్నా ప్రతి చేష్టకు ఎన్ని ఫ్రేములు పట్టవలెనో లెక్క కట్టును. తెరపై సెకనునకు 24 ఫ్రేములు పరుగెత్తుచుండగా, పిల్లి గోడకు తగులుటకును, తగిలితినని దానికి తెలియుటకును నడుమ ఎన్ని ఫ్రేములు నిలుపవలెననుదానిపై నవ్వు ఆధారపడియుండును. రెండు తగ్గిన అది ప్రమాదము, నాలుగు పెరిగిన అది విసుగు. ఇర్వెన్ స్పెన్సు, కెన్నెత్ మ్యూజు, ఎడ్ బార్జి వంటివారు పెన్సిలుతో గీసిన గీతలను సిరావేయువారు పారదర్శకమైన సెల్లులపైకి ఎత్తి వ్రాయగా, రంగులు నింపి ఒక్కొక్క ఫ్రేముగా కెమెరాకెక్కించెడివారు. స్కాట్ బ్రాడ్లీ ప్రతి యడుగునకు, ప్రతి జారుపాటునకు వాద్యబృందముచే స్వరము కట్టించెను. పిల్లి తోకమీద దెబ్బపడినప్పుడు వినవచ్చు ఆ లోకప్రసిద్ధమైన కేక హన్నాగారి సొంత కంఠమే.

ఈ కూర్పునకు పరాకాష్ఠ ‘ది క్యాట్ కాన్సర్టో’. పిల్లి కచేరీ దుస్తులతో గంభీరముగా వచ్చి పియానో ముందు కూర్చుండి ఫ్రాంజ్ లిస్టు రచించిన రెండవ హంగేరియన్ రాప్సోడీని ప్రారంభించును. లోపల సుత్తులపై నిద్రించుచున్న ఎలుక ఆ తాడనముచే ఎగిరిపడి మేల్కొనును. అంతటితో యుద్ధము మొదలు. కాని పిల్లి వాద్యమును ఆపరాదు, ఏలయన సభ చూచుచున్నది! ఇక్కడను అదే శాసనము: ఇంటామె స్థానమున ప్రేక్షకులు కూర్చుండిరి, అంతే భేదము. మెట్ల మూత వ్రేళ్లపై పడినను, మెట్టు స్థానమున ఎలుకబోను అమరినను, కత్తెర నోరు తెఱచుకొని వ్రేలికై వేచినను, ఆ వ్రేళ్లు రాగము తప్పవు. తుదకు ఎలుక సుత్తులపై తానే గంతులిడి ముగింపును వాయించివేయగా, చిందరవందరయై పియానోపై వ్రాలిన పిల్లిని విడిచి వెలుగు ఎలుకమీదికి తిరుగును, కరతాళములు దానికే. అదే కాలమున వార్నర్ బ్రదర్సువారు బగ్స్ బన్నీ అను కుందేలుచే అదే లిస్టు కృతిని వాయింపజేసి, దానికిని ఒక ఎలుకను అడ్డు పెట్టగా, మాది మీరు దొంగిలించితిరని ఇరుపక్షములవారును నిందించుకొనిరి. బహుమతి మాత్రము పిల్లికి దక్కెను.

యుద్ధకాలపు ప్రేక్షకులకు నచ్చినది 1943 నాటి ‘ది యాంకీ డూడిల్ మౌస్’. నేలమాళిగలో గ్రుడ్లను గ్రెనేడులుగా విసరి, విద్యుద్దీపముల బుడ్లను బాంబులుగా జారవిడిచిన ఆ ఎలుక అమెరికా సైనికుని ప్రతిరూపముగా నిలిచి ఈ పరంపరకు తొలి ఆస్కారును తెచ్చినది. పిమ్మట వరుసగా మూడేండ్లును, మొత్తము మీద ఏడు మారులును ఆ బహుమతి వారికే లభించెను. వేదికనెక్కి ప్రతిమను పుచ్చుకొన్నవాడు మాత్రము నిర్మాతయైన క్వింబీ. పిల్లి ఎలుకల చిత్రములు వలదన్నవాడే ఆయన యని తలచుకొన్న, ఇదియు ఒక కార్టూనుగనే తోచును.

అయితే హాలులోని నవ్వు అందఱి నవ్వును కాదు. ఇంటి పనులు చూచు నల్లజాతి స్త్రీ ముఖము సాధారణముగా కనబడదు. బరువైన కాళ్లు, చెప్పులు, చీపురు, యాసతోడి కేకలు మాత్రమే ఉండును. లిలియన్ రాండాల్ఫు అను నటి ఆ పాత్రకు గాత్రదానము చేసినది. ప్రేలుడు పిమ్మట పిల్లి ముఖము నల్లబడి, నల్లజాతివారిని వెక్కిరించు పాత నాటకములలోని వేషముగా మాఱుట పలుమారు వాడిన హాస్యము. 1942లో నల్లజాతివారి సంఘ నాయకుడైన వాల్టర్ వైటు హాలీవుడ్డునకు పోయి ఇట్టి పాత్రల విషయమై స్టూడియో అధిపతులతో సంభాషించినది మొదలు ఆ నిరసన బలపడుచు వచ్చెను. 1952 నాటి ‘పుష్ బటన్ కిట్టీ’ పిమ్మట ఆ పాత్ర కానరాదు. దూరదర్శనమున ప్రదర్శించుటకై కొన్ని చిత్రములలో ఆమె గొంతును మార్చి ఐరిష్ యాస నిచ్చిరి. 2014లో అమెజానువారు ఈ చిత్రములకు ముందు జాతివివక్షను గూర్చిన హెచ్చరికను చేర్చిరి. ఈ విషయమున ఆక్షేపించినవారే న్యాయము పలికిరని నా యభిప్రాయము. ఎలుక విజయమునకు ఆ చీపురు కావలెనే గాని ఆ వెక్కిరింత అక్కఱలేదు.

ప్రేక్షకాదరణయే స్టూడియోను మూయించుట ఈ చరిత్రలోని వింత. పాత కార్టూనులను మరల విడుదల చేసినను క్రొత్తవానితో దాదాపు సమానముగా ఆదాయము వచ్చుచున్నదని లెక్కలవారు కనిపెట్టిరి. జనమునకు పాతదే చాలినప్పుడు క్రొత్తది తీయుట యెందులకు? 1957లో కార్టూను విభాగమును మూసివేసిరి. హన్నా, బార్బెరా అప్పటికి 114 చిత్రములు ముగించియుండిరి. బహుమతులు తెచ్చిన చేతులకు ఆ దినమున పని లేకుండెను.

మఱి నాలుగేండ్లకు సంస్థ మనసు మార్చుకొని, ప్రాగ్ నగరముననుండిన జీన్ డైచ్ అను దర్శకునిచే 13 చిత్రములు తీయించెను. అతడు వేఱొక చిత్రమునకు ఆస్కారు పొందిన ప్రతిభాశాలియే. కాని ఈ పిల్లి ఎలుకల కొట్లాట అతని రుచికి నచ్చినది కాదు. ధనము తక్కువ, కదలిక తక్కువ. ధ్వనులు లోహపాత్రలోనుండి వచ్చినట్లుండును. అభిమానులు వీనిని నేటికిని క్షమింపలేదు. వాని విచిత్రమైన శూన్యతయందు ఒక అందము కలదని వాదించువారును ఇటీవల బయలుదేరిరి గాని, నేను ఆ పక్షమున చేరజాలను. తరువాత చక్ జోన్సు తీసిన 34 చిత్రములలో రేఖాసౌందర్యము మెండు. దెబ్బకు మునుపటి నొప్పి లేదు.

1965 మొదలు శనివారపు ఉదయములందు సీబీఎస్ ద్వారా ఈ చిత్రములు ఇండ్లలోనికి ప్రవేశింపగనే తీర్పరులు మాఱిరి. హాలులో పెద్దలతో కలిసి పిల్లలు నవ్విన చిత్రములను ఇప్పుడు పిల్లలు ఒంటరిగా చూచుచుండగా తల్లులు వెనుక నిలువబడి చూచిరి. బోస్టను ప్రాంతమున 1968లో పెగ్గీ చారెన్ మొదలయినవారు పిల్లల టెలివిజన్ బాగుకై సంఘము స్థాపించిరి. హింసను గూర్చిన విమర్శ దేశమంతట ప్రబలెను. దాని ఫలితము 1975లో కానవచ్చినది: హన్నా బార్బెరాల సొంత సంస్థయే టెలివిజన్ కొఱకు తీసిన క్రొత్త వరుసలో ఎలుక మెడకు ఎఱ్ఱని బో టై కట్టుకొని పిల్లితో స్నేహముగా దేశాటనము చేయును. తల్లుల ఆందోళనను నేను తేలికగా త్రోసిపుచ్చను. ఐనను శత్రుత్వము తీసివేసిన పిమ్మట ఆ రెండు జంతువులకు చేయుటకు పనియే మిగులలేదు. చూచినవారును ఆ మాటయే చెప్పిరి. 1992లో వచ్చిన పూర్తి నిడివి చిత్రములో వానిచేత మాటలాడించి, పాటలు పాడించిరి. అదియు ఆదరణకు నోచుకొనలేదు.

మాటలు లేకపోవుటయే ఆ చిత్రములను మన యిండ్లకు చేర్చినది. 1995లో కార్టూన్ నెట్‌వర్కు భారతదేశమున ప్రసారమయినది మొదలు, ఇంగ్లీషు రాని మామ్మయు, బడికి పోని మనుమడును ఒకే చోట కూర్చుండి, ఎవ్వరును అర్థము చెప్పకయే నవ్వగలిగిరి. అస్తమానము తగవులాడుకొను అన్నదమ్ములను ‘టామ్ అండ్ జెర్రీ’ యని పిలుచుట తెలుగు ఇండ్లలో పరిపాటియైనది. పిల్లలు సాధారణముగా ఎలుక పక్షము. ఉద్యోగములలో కొన్నాళ్లు నలిగినవారు క్రమముగా పిల్లి పక్షమునకు జరుగుదురని నాకు తోచుచుండును. దానికి హేతువు బొమ్మలోనే కలదు: ఆశ, అవమానము, వెఱపు, క్షణకాలపు విజయగర్వము, ఇవి యన్నియు చిత్రకారులు పిల్లి ముఖమునకే ధారపోసిరి. ఎలుక ముఖమున చిఱునవ్వే ప్రధానము.

బ్రిటనులో 2006లో ఒక్క ప్రేక్షకుడు చేసిన ఫిర్యాదుపై ప్రసారముల నియంత్రణ సంస్థయైన ఆఫ్‌కామ్ విచారణ జరిపెను. నేరము పొగత్రాగుట. ‘టెక్సాస్ టామ్’లో ఆడుపిల్లిని మెప్పించుటకై టామ్ ఒంటిచేత సిగరెట్టు చుట్టును, ‘టెన్నిస్ చంప్స్’లో అతని ప్రత్యర్థి పెద్ద చుట్ట కాల్చును. ప్రసారకులు తమ వద్దనున్న పాత కార్టూనులన్నియు పరిశీలించి, పొగత్రాగుటను ఘనకార్యముగా చూపిన సన్నివేశములను తొలగింపగలమని మాట యిచ్చిరి; సంస్థయు అందుకు తృప్తిపడెను. పళ్లెములు పగులగొట్టుట, వ్రేళ్లు బోనులో ఇఱికించుట మొదలయినవి యథాతథముగా నడచుచున్నవి.