మెకంజీ దొర పుట్టిన దీవి

మన సభ్యులలో రెవెన్యూలో పనిచేసినవారికి కైఫీయత్తుల సంగతి కొత్త కాదు. గ్రామాల పూర్వచరిత్రలను కరణాల దండకవిలెల నుంచి, పెద్దల నోటి నుంచి సేకరింపజేసిన కల్నల్ కాలిన్ మెకంజీ ఏ ఊరివాడో మాత్రం నాకు చాలాకాలం తెలియదు. ఆయన స్కాట్లండుకు వాయవ్యంగా ఉన్న లూయిస్ దీవిలో, స్టోర్నొవే అనే రేవు పట్టణంలో 1754 ప్రాంతంలో పుట్టాడు. అక్కడే సుంకాల కచేరీలో ఉద్యోగం చేసి, 1783లో మద్రాసు చేరాడు. మరి స్వదేశం వెళ్లనేలేదు.

మా అమ్మాయి, అల్లుడు గ్లాస్గోలో ఉంటారు. వారి దగ్గరకు వెళ్లినప్పుడు ఆ దీవి చూడాలని పట్టుబట్టాను. ఉల్లాపూల్ రేవులో ఓడ ఎక్కితే రెండున్నర గంటల పైచిలుకు ప్రయాణం. ఆదివారమంటే వారికి ఎంత పట్టింపంటే, 2009 వరకు ఆ రోజున స్టోర్నొవేకు ఓడే నడవలేదు!

చెట్లు అరుదు. ఎటు చూసినా బండలు, బురదనేలలు, గాలి. భావనపాడు ఒడ్డు గాలి ఎరిగినవాణ్ణి, 2018లో తిత్లీ తుఫానునూ చూసినవాణ్ణి. అయినా అక్కడ నా గొడుగు నిలవలేదు. పీట్ అనే నల్లమట్టిని ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, మన పిడకల్లాగే పొయ్యిలో వాడేవారు. హారిస్ ట్వీడ్ అనే ఉన్నిబట్టను ఆ దీవులవారు తమ ఇళ్లలోనే చేతిమగ్గం మీద నేయాలని 1993లో చట్టమే వచ్చింది. మగ్గం చప్పుడు వింటుంటే పొందూరు గుర్తుకొచ్చింది.

తప్పక చూడవలసినవి కలనిష్ రాళ్లు. సుమారు అయిదువేల ఏళ్ల కిందట నిలిపినవి. వలయంలో పదమూడు, నడుమ దాదాపు పదహారడుగుల రాయి ఒకటి. చుట్టూ పేరుకున్న అయిదడుగుల పీట్‌ను 1857లో తవ్వి తీశారు. అంటే మెకంజీ చిన్నతనంలో అవి అంత లోతున మట్టిలో కూరుకుపోయి ఉండేవన్నమాట. 1816లో అమరావతి స్తూపం శిథిలాలను కొలిపించి బొమ్మలు గీయించినప్పుడు ఈ రాళ్లు ఆయనకు తలపుకొచ్చి ఉంటాయా అని నాకొక ఊహ.

స్టోర్నొవే మ్యూజియంలో 2017లో మెకంజీ సేకరణల ప్రదర్శన జరిగింది. నేను వెళ్లేనాటికి అది లేదు. అక్కడున్న ఉద్యోగినితో, ఆయన దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి మా ఏలూరు సోదరులని చెప్పాను. ఆమె పేర్లు రాసి ఇమ్మంది. తెలుగులోనూ రాసి ఇచ్చాను. బొర్రయ్య 1803లో, మూడు పదులు నిండకుండానే పోయాడు. ఆయన పరిచయమే తనకు ఈ దేశ విజ్ఞానానికి వాకిలి తెరిచిందని మెకంజీ 1817 నాటి లేఖలో ఒప్పుకున్నాడు. పై అధికారి సంతకం కింద ముప్పయ్యేళ్లు ఫైళ్లు రాసిన నాకు ఆ మాట ఎంత తీపో మీకు చెప్పనక్కరలేదు.

ఒక తప్పు కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యాక గ్రామాల దప్తరాలు మా కచేరీకి చేరాయి. ఒక వానాకాలం పైకప్పు కారి కొన్ని కట్టలు నానిపోయాయి. విప్పి చూడకుండానే వాటిని పెరట్లో పారబోయించింది నేనే. అందులో ఏ ఊరి సంగతులు పోయాయో!

తిరిగి వచ్చాక కోటబొమ్మాళిలో ఒక పాత కరణంగారి మనుమడిని అడిగి రెండు కట్టలు తెచ్చుకున్నాను. చెదలు పట్టని పుటలకు నకలు రాస్తున్నాను. సభ్యుల ఇళ్లలో అటకలమీద ఇటువంటివి ఉంటే పారవేయక సంఘ కార్యాలయానికి కబురు చేయగలరు. వచ్చి తీసుకుంటాను.