భారత - ఐర్లండు మైత్రి: మదనపల్లె సాక్ష్యము

రెండు దేశముల మైత్రిని గూర్చి ముచ్చటించునపుడు సాధారణముగా రాజధానులను, రాయబారులను, ఒడంబడికలను స్మరింతుము. భారతదేశమునకును ఐర్లండునకును గల మైత్రిని గూర్చి తెలిసికొన దలచువారు మాత్రము ఢిల్లీ, డబ్లిన్ నగరములతో పాటు మరియొక ఊరిని లెక్కలోనికి తీసికొనవలసి యుండును. అది హార్సిలీ కొండల చేరువనున్న మదనపల్లె. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినపుడు కడప జిల్లా నుండి వచ్చి చేరిన ఈ పట్టణము 2022 వరకు చిత్తూరు జిల్లాలోనిదే.

మదనపల్లెలో 1915లో దివ్యజ్ఞాన సమాజమువారి కళాశాల వెలసెను. దానికి మూలస్తంభమైన అనీబిసెంటమ్మ లండనులో జన్మించినను ఐరిష్ వంశీకురాలు. 1916లో ఆమె స్థాపించిన ఉద్యమమునకు పెట్టిన 'హోంరూలు' అను పేరే ఐర్లండు రాజకీయములనుండి వచ్చినది. పేరుతోబాటు ఆ దేశపు అనుభవము కూడ మనకు సంక్రమించినదని చెప్పవచ్చును.

ఆ 1915వ సంవత్సరముననే జేమ్స్ కజిన్సు, మార్గరెట్ కజిన్సు అను ఐరిష్ దంపతులు మద్రాసు చేరిరి. జేమ్సుగారు 1873లో బెల్ఫాస్టులో జన్మించిన కవి; ఐరిష్ నాటకోద్యమపు తొలినాళ్ళలో పాల్గొన్నవారు. మార్గరెట్టుగారు 1878లో రాస్కామన్ ప్రాంతమున జన్మించి, సంగీతమున పట్టము పొందిరి. స్త్రీలకు ఓటుహక్కు కోరుచు 1908లో డబ్లిన్‌లో స్థాపింపబడిన ఐరిష్ మహిళా సంఘమునకు ఆమె సంస్థాపకులలో ఒకరు. ఆ కోర్కె కొరకు లండనులోను ఐర్లండులోను చెరసాలకు కూడ వెళ్ళి వచ్చిరి.

జేమ్సుగారు మొదట బిసెంటమ్మ నడుపుచుండిన 'న్యూ ఇండియా' పత్రికలో పనిచేసిరి. 1916 ఏప్రిల్‌లో డబ్లిన్ నగరమున తిరుగుబాటు చెలరేగెను. ఆ వీరులను మెచ్చుకొనుచు వ్రాసిన వ్యాసము వలన ఆయన పత్రికను విడువవలసి వచ్చెను. అట్లు ఉద్యోగము కోల్పోయిన కవి మదనపల్లె కళాశాలలో ఆంగ్లోపాధ్యాయుడయ్యెను. తరువాత అధ్యక్షుడును అయ్యెను. డబ్లిన్ వీధులలో పేలిన తుపాకుల ఫలితముగా రాయలసీమ విద్యార్థులకు ఒక ఉత్తమ గురువు లభించుట చరిత్రలోని చిత్రము.

హోంరూలు ఉద్యమము కారణముగా ఈ కళాశాలకు మద్రాసు విశ్వవిద్యాలయముతో గల సంబంధము తెగిపోయెను. అపుడది ఆడయారులో ఏర్పడిన జాతీయ విశ్వవిద్యాలయము క్రిందికి వచ్చెను. దాని ఛాన్సలరు రవీంద్రనాథ ఠాకూరు. ఆయన దక్షిణదేశ పర్యటన చేయుచు 1919 ఫిబ్రవరి చివర మదనపల్లె వచ్చి కజిన్సు దంపతుల ఆతిథ్యము స్వీకరించిరి. ఒక సాయంకాలము విద్యార్థుల పాటల కూటమిలో తమ 'జనగణమన' గీతమును వంగభాషలో పాడి వినిపించిరి. విద్యార్థులు పల్లవి నందుకొనిరి. ఫిబ్రవరి 28వ తేదీన ఆ గీతమునకు తామే ఆంగ్లానువాదము వ్రాసి యిచ్చిరి. మార్గరెట్టుగారు ఆ స్వరములను పాశ్చాత్య పద్ధతిలో లిఖించిరి. కళాశాల దానిని తన ప్రార్థనాగీతముగా స్వీకరించెను.

ఇచ్చట ఒక మాట స్పష్టము చేయుట అవసరము. జాతీయగీతమునకు వరుస కట్టినది మార్గరెట్టుగారేనని అపుడపుడు వినవచ్చుచుండును. ఈ గీతము 1911 డిసెంబరు 27వ తేదీననే కలకత్తా కాంగ్రెసు మహాసభలో పాడబడినది. వరుస రవీంద్రులదే. మదనపల్లెలో జరిగినది దానిని కాగితముపై నిలుపుట. ఈ భేదమును గుర్తించినందున ఆ విదుషీమణి గౌరవమునకు కొరత రాదు. ఒకరి పాటను శ్రద్ధతో విని, మరియొకరు పాడుకొనుటకు వీలుగా పదిలపరచుటకంటె మైత్రికి నిదర్శనమేమి కావలెను? ఆ పాటయే 1950 జనవరి 24వ తేదీన మన జాతీయగీతమైనది.

ఆ 1919వ సంవత్సరమును మరికొంత పరిశీలింతము. జనవరి 21వ తేదీన డబ్లిన్‌లో ఐరిష్ ప్రజాప్రతినిధులు తమ శాసనసభను తామే సమావేశపరచి స్వాతంత్ర్యము ప్రకటించిరి. ఫిబ్రవరిలో మదనపల్లెలో పాట వినబడెను. ఏప్రిల్ 13వ తేదీన అమృతసరములోని జలియన్‌వాలాబాగులో నిరాయుధులపై గుండ్లు కురిసెను. ఆ కాల్పులను సమర్థించిన పంజాబు లెఫ్టినెంటు గవర్నరు మైకేల్ ఓడయ్యరు ఐర్లండులోని టిప్పరరీలో పుట్టినవాడు. కాల్పులు జరిపించిన డయ్యరు ఆ దేశపు పాఠశాలలో చదివినవాడు. మే నెలాఖరున రవీంద్రులు తమ 'సర్' బిరుదమును త్యజించిరి.

ఈ విషయమును దాచి మైత్రిని కీర్తించుట న్యాయము కాదు. సామ్రాజ్యమునకు ఐర్లండు బానిసయు, సేవకుడును అయి యుండెను. ఆ దేశీయులెందరో బ్రిటిషు సైన్యములో చేరి మన దేశమునకు కాపలా కాసిరి. కాని ఆ సైన్యములోనే 1920 జూన్‌లో మరియొక ఘట్టము జరిగెను. జలంధరులోని కన్నాట్ రేంజర్సు దళమువారు, తమ స్వదేశములో బ్రిటిషు సైనికులు చేయుచున్న అత్యాచారములు విని ఆయుధములు విడిచిరి. వారిలో జేమ్స్ డేలీ యను యువకుడు నవంబరు 2వ తేదీన దగ్షాయిలో కాల్చి చంపబడెను. కావున ఒక జాతిని మిత్రుడనియో శత్రువనియో ఒక్క మాటతో తేల్చివేయరాదు. ఓడయ్యరును పుట్టించిన నేలయే కజిన్సు దంపతులను కూడ పుట్టించినది. పుట్టుక ఎవరి చేతిలోను లేదు. ఏ పక్షమున నిలువవలెనన్న నిర్ణయము మాత్రము వారి వారిదే.

మార్గరెట్టుగారు తమ నిర్ణయమును కార్యరూపమున చూపిరి. 1917లో ఆడయారులో భారత మహిళా సంఘ స్థాపనకు ప్రధాన కారకులైరి. ఆ డిసెంబరులో సరోజినీదేవి నాయకత్వమున స్త్రీల రాయబారము మాంటేగు దొరను కలిసికొని ఓటుహక్కు కోరుటకు ఏర్పాట్లు చేసినది వారే. 1921లో మద్రాసు శాసనసభ స్త్రీలకు ఆ హక్కు నొసగెను. 1932లో అత్యవసర శాసనములను నిరసించుచు మద్రాసులో ఉపన్యసించినందుకు ఏడాది శిక్ష పడగా, చిత్తూరుకు అనతిదూరముననున్న వేలూరు చెరసాలలో గడపిరి. ఐర్లండులో స్త్రీహక్కునకై చెర ననుభవించిన ఆమె, ఇచ్చట మన హక్కునకై చెర ననుభవించిరి. 1954లో ఆమె ఆడయారులోను, 1956లో జేమ్సుగారు మదనపల్లెలోను తనువు చాలించిరి.

ఈ మైత్రి ఒకవైపు ప్రయాణము కాదు. 1913లో డబ్లిన్ లోని ఆబీ రంగస్థలముపై రవీంద్రుల 'పోస్టాఫీసు' నాటకము ప్రదర్శింపబడెను. ఆ సంవత్సరముననే మన వరాహగిరి వెంకటగిరిగారు న్యాయశాస్త్రము చదువుటకు డబ్లిన్ వెళ్ళి, అచ్చటి జాతీయవాదుల స్ఫూర్తి నంది, 1916లో దేశము విడువవలసి వచ్చిరి. ఆయన 1969లో రాష్ట్రపతి యైరి. బాల్యమున తిరుపతిలోని మిషను పాఠశాలలో చదివిన సర్వేపల్లి రాధాకృష్ణపండితులు 1964లో రాష్ట్రపతి హోదాలో ఐర్లండును దర్శించినపుడు, ఆ దేశాధ్యక్షుడు 1916 తిరుగుబాటు వీరులలో ఒకడైన డివలేరా.

మన రాజ్యాంగములోని ఆదేశిక సూత్రములకు మాతృక 1937 నాటి ఐరిష్ రాజ్యాంగము. 1949లో ఐర్లండు కామన్వెల్తు నుండి వైదొలగగా, మనము గణతంత్రముగా అందు కొనసాగుటకు నిశ్చయించితిమి. దారులు వేరైనను స్నేహము చెడలేదు. ఒకే దారిన నడచుట స్నేహమునకు నియమము కాదని ఈ రెండు దేశములు నిరూపించినవి.

మన యిండ్లలో రేడియో యందు జాతీయగీతము వినబడినపుడు లేచి నిలబడుచున్నాము. ఆ స్వరములను కొండల నడుమనున్న ఒక చిన్న పట్టణములో, పరదేశపు ఆడపడుచు ఒకతె చెవి యొగ్గి విని కాగితముపై పెట్టినదని మన పిల్లలకు ఒకసారి చెప్పుట మంచిదని మేము తలంచుచున్నాము. పాట మనదే; దానిని ఆదరముతో విన్న చెవి మన నేస్తపు దేశముది.