ఎర్రముక్కపల్లె కాలేజీకీ 200 ఏళ్లు

ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిల్లో ఆంగ్లికన్ చర్చివారికి తప్ప పట్టాలు అందని రోజులవి. మీది ఏ మతమని అడక్కుండా చదువు చెబుతామంటూ 1826లో యూనివర్సిటీ కాలేజ్ లండన్ వెలిసింది. 1878లో ఆడపిల్లలనూ మగపిల్లలతో సమానంగా చేర్చుకుంది. దాని పేరు ప్రొద్దుటూరులో ఇంజనీరింగ్ చదివే పిల్లలకూ తెలుసు.

సరిగ్గా ఆ 1826లోనే ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి సి.పి. బ్రౌన్ రెండోసారి కడపకొచ్చి, ఎర్రముక్కపల్లెలో 15 ఎకరాల తోటలోని బంగళాలో పండితులను కూర్చోబెట్టాడు. జనం దాన్ని బ్రౌన్ కాలేజీ అన్నారు. పట్టాలు ఇవ్వలేదు కానీ, అక్కడ జరిగింది అచ్చమైన పరిశోధన. ఒక కావ్యానికి దొరికినన్ని తాటాకు ప్రతులు తెప్పించేవారు. వాటిని కాగితాల మీదికి ఎక్కించి, పద్యాలకు అంకెలు వేసి, ఏ ప్రతిలో ఏ పాఠం ఉందో పక్కపక్కన రాసేవారు. ఆపైన పండితులు వాదించుకొని ఒక పాఠం తేల్చేవారు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి వ్యవహారాలన్నీ చూసుకునేవాడు. జీతాలు బ్రౌన్ సొంత డబ్బు, అప్పులూ చేశాడు. 1829లో వేమన పద్యాలు అచ్చయ్యాయి, 1852లో ఆయన తెలుగు నిఘంటువు వచ్చింది. ఉద్యోగం విరమించి ఇంగ్లండు చేరాక ఆయన లండన్ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడయ్యాడు. సీమ దొరల చదువు మన దగ్గరికొచ్చిందని అందరూ చెబుతారు. కడప చదువు లండన్‌కు వెళ్లిందని ఎందుకు చెప్పుకోం?

తర్వాత ఆ బంగళా పాడుబడింది. జానుమద్ది హనుమచ్ఛాస్త్రి చందాలు పోగుచేసి ఆ చోటే గ్రంథాలయం నిలబెట్టారు. ఆ పట్టుదలకు జనం ఆయనను బ్రౌన్ శాస్త్రి అన్నారు.

ఇక పట్టాల చదువు సంగతి. పీజీ చదవాలంటే జమ్మలమడుగు, పులివెందుల పిల్లలు తిరుపతికో అనంతపురానికో పోవలసిన కాలం 1977లో కడపకు పీజీ కేంద్రం రావడంతో తీరింది. 2006లో అది యోగి వేమన విశ్వవిద్యాలయమైంది. బ్రౌన్ గ్రంథాలయమూ ఆ ఏడే అందులో కలిసింది. పులివెందులకు జేఎన్టీయూ కాలేజీ, 2008లో ప్రొద్దుటూరుకు వేమన విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ కాలేజీ వచ్చాయి.

కంపెనీ సర్వేయరు మెకంజీ రాయించిన కడప జిల్లా కైఫీయత్తులను కట్టా నరసింహులు పరిష్కరించగా అచ్చువేసింది ఈ బ్రౌన్ గ్రంథాలయ కేంద్రమే. చెరువు ఎవరు తవ్వించారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు అన్న ఊరి సంగతులు వాటిలో ఉన్నాయి. ఇంత పని చేసిన ఇంటిని కలుపుకున్న విశ్వవిద్యాలయం పుట్టిన సంవత్సరం 2006 అని రాసుకోవడం నాకు నచ్చదు. వేమన విశ్వవిద్యాలయం తన చరిత్రను 1826తో మొదలుపెట్టాలి. వేమన పద్యాలు అచ్చుకెక్కే పని సాగిన చోటు దాని చేతిలోనే ఉంది.