తుపాకి మ్రోత అణచిన మాక్సిమ్

1914లో అమెరికా అమెచ్యూరు రేడియో సంఘమును స్థాపించిన ఇరువురిలో ఒకరు హైరమ్ పెర్సీ మాక్సిమ్. మరతుపాకి నిర్మించిన తండ్రి ఆ మ్రోతలకే చెవులు పోగొట్టుకొనగా, కుమారుడు 1909లో తుపాకి సైలెన్సరుకు పేటెంటు పొందెను! అది రైఫిలు కొనకు బిగించి, వలసినపుడు ఊడదీయదగినది.

రెండవ ప్రపంచయుద్ధమున అమెరికా గూఢచారులకిచ్చిన .22 హైస్టాండర్డు పిస్తోలులో సైలెన్సరు తుపాకిలోనే కలిసిపోయెను. లోపలి గొట్టమునకు రంధ్రములుండుటచే వాయువు ముందే వెలువడి, గుండు వేగము ధ్వనివేగమునకు లోబడియుండును. ఊడదీయు రకమున ఆ జాగ్రత్త తూటాదే. గుండు ధ్వనివేగము దాటెనా, గాలిలో పుట్టు పెళపెళ ఏ సైలెన్సరునకును లొంగదు.

నిశ్శబ్దమున రెండవదే మిన్న. కాని అంచున దెబ్బతగిలి పేలు .22 తూటాకు సీసపుమసి మెండు. కలిసిపోయిన గొట్టమును శుభ్రపరచుట కష్టము, వేరు రైఫిలునకు మార్చుట అసాధ్యము. గూఢచారికి కాక గురి నేర్చువానికైనచో, మేము మాక్సిమ్ పద్ధతినే మెచ్చెదము.